నాలుగు రెట్లా, మూడు నుంచి పన్నెండు రెట్లా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పు, కానీ ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. ఈ బడిలో లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఆడపిల్లలే. కాబట్టి ఆ హెచ్చరిక నా బ్యాచ్ మగవాళ్లకి వర్తిస్తుందని తీసుకుంటున్నాను.

నా ఉద్యోగం తుపాకుల మీద బిగించే దుర్భిణుల తయారీ. తుపాకులు కాదు, వాటి మీద కూర్చునే గాజు. ముప్పయి ఏళ్లుగా లెన్సులు, గొట్టాలు, మరలు, వాటి మధ్య వచ్చే తగాదాలు, ఇదే నా లోకం. మేం దాన్ని స్కోప్ అంటాం. ఇక మీదట నేనూ అదే మాట వాడతాను.

స్కోపులు చేస్తానని తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే. "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందండీ?" నలభై అంటే ముఖం వెలిగిపోతుంది. నాలుగు అంటే, పాపం ఈయనకి మంచి ఉద్యోగం దొరకలేదు అన్నట్టు చూస్తారు. ప్రపంచంలో సైనికులు ఎక్కువ కాలం నమ్ముకున్న స్కోపులు మాత్రం మూడు, నాలుగు రెట్లవే. సైన్యాల మధ్య, తయారీదారుల మధ్య అరవై ఏళ్లుగా నడుస్తున్న వాదన ఇంకొకటి ఉంది. ఒకే ఆవర్ధనం ఉన్న స్కోప్ మంచిదా, రింగు తిప్పితే ఆవర్ధనం మారే స్కోప్ మంచిదా? మొదటిదాన్ని స్థిర స్కోప్ అనుకుందాం, రెండోదాన్ని మారే స్కోప్ అనుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను ఎవరూ పట్టుకోకుండా. మారే స్కోప్ అంటే రెండు మూడు స్కోపులు ఒకేసారి కొన్నట్టు అనుకోవడం పొరపాటు. ఆ మనిషికి అన్నిటికన్నా కష్టమైన క్షణం ఏ వెలుతురులో, ఎంత దూరంలో, ఎన్ని సెకన్లలో వస్తుందో కనుక్కుని, ఆ క్షణానికి ఏది పనికొస్తే అది కొనాలి. పెట్టె మీద రాసిన పెద్ద అంకెకీ ఆ క్షణానికీ చాలాసార్లు సంబంధం ఉండదు.

మన దేశంలో ఇది ఎవరికి కావాలి అని అడగొచ్చు. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆగిపోయింది. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో స్కోప్‌కి అనుమతి లేదు. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చింది చిన్న రంధ్రంలోంచి గురి చూసే సైట్‌తోనే, స్కోప్‌తో కాదు. కాబట్టి ఇక్కడ స్కోప్ ముఖ్యంగా సైనికుడి వస్తువు. తర్వాత పోలీసుల్లో ప్రత్యేక దళాలవాళ్లది. ఏది ఎంచుకోవాలన్న తప్పొప్పులు కొండ మీద ఉన్న ఆ ఒక్క మనిషి మీద పడతాయి. కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల మీద పడవు.

ఇప్పుడు కాస్త పదో తరగతి. మాస్టారు ఎదురుగా ఉన్నారు, తప్పు చెబితే ఇప్పటికీ బెంచీ ఎక్కిస్తారు. వస్తు కటకం నాభ్యంతరాన్ని అక్షి కటకం నాభ్యంతరంతో భాగిస్తే దుర్భిణి ఆవర్ధనం వస్తుంది. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చంద్రుణ్ని చూసేవాడికి చంద్రుడు తలకిందులైనా నష్టం లేదు. సైనికుడికి అలా కుదరదు. అందుకని మధ్యలో ఇంకో రెండు లెన్సుల జతలు పెట్టి బొమ్మని మళ్లీ నిలబెడతాం. వాటిని ఎరెక్టర్ లెన్సులంటారు. గొట్టంలో బొమ్మ రెండుచోట్ల ఏర్పడుతుంది. ఎరెక్టర్ కంటే ముందు ఒకసారి, తలకిందులుగా. ఎరెక్టర్ దాటాక ఇంకోసారి, నిటారుగా. గురి గీతలు, అంటే రెటికిల్, ఈ రెండు చోట్లలో ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీంతో ప్రాణాల మీదకు వస్తుంది.

స్థిర స్కోప్‌లో ఆ ఎరెక్టర్ లెన్సుల్ని ఒకచోట బిగించి, జిగురు పెట్టి, ఇక కదలొద్దని చెప్పేస్తాం. మారే స్కోప్‌లో అవి రెండూ ముందుకీ వెనక్కీ కదలాలి, అదీ రెండూ రెండు వేగాలతో. ఒక గొట్టానికి ఏటవాలుగా వంకర గాడులు కోసి, లెన్సుల చట్రానికి ఉన్న చిన్న పిన్నులు ఆ గాడుల్లో జారేలా చేస్తాం. బయట రింగు తిప్పితే లోపల గాడి తిరుగుతుంది, లెన్సులు జరుగుతాయి, ఆవర్ధనం మారుతుంది, బొమ్మ మాత్రం స్పష్టంగానే ఉండాలి. పక్క గదిలో బల్ల మీద సగానికి కోసిన స్కోప్ ఒకటి పెట్టాను. రింగు తిప్పి చూడండి, నా మాటలకంటే అదే బాగా చెబుతుంది.

ఆ జారే లెన్సులకి ఎంత ఖాళీ ఇవ్వాలన్నదే మా తలనొప్పి. ఖాళీ అసలు లేకపోతే రింగు తిరగదు. ఉంటే లెన్స్ అటూ ఇటూ ఊగుతుంది. వస్తు కటకం నాభ్యంతరం 150 మిల్లీమీటర్లు అనుకోండి. ఆ కటకం వేసిన బొమ్మ రెటికిల్‌తో పోల్చితే 0.01 మిల్లీమీటరు పక్కకి జరిగింది అనుకోండి. తల వెంట్రుక మందంలో ఏడో వంతు. అంత జరుగుడికి 100 మీటర్ల దగ్గర గురి సుమారు 7 మిల్లీమీటర్లు తప్పుతుంది, 600 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్లు తప్పుతుంది. అదీ ఒకే దిక్కుకి కాదు. మూడు రెట్ల దగ్గర ఓ వైపు, తొమ్మిది రెట్ల దగ్గర ఇంకో వైపు. తుపాకీ కాల్చిన ప్రతిసారీ లోపల సుత్తితో కొట్టినట్టే ఉంటుంది కదా. వందల గుళ్లు పేలాక ఆ గాడులు అరగవని ఎవరు హామీ ఇస్తారు? చవక మారే స్కోపుల అసలు బలహీనత ఇదే. కొన్న రోజు కనిపించదు.

పాతరోజుల్లో ఇంకో ఇబ్బంది ఉండేది. పూత లేని గాజు, గాలిని తాకే ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొట్టేస్తుంది. పది ముఖాలుంటే చివరికి మిగిలేది 66 శాతం, పదహారు ముఖాలుంటే 52 శాతం. లెన్సులు పెరిగేకొద్దీ స్కోప్ చీకటిగా అయ్యేది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా గాజు మీద పలుచని పూత వేసి ప్రతిబింబాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజు మంచి పూతతో ముఖానికి అర శాతం నష్టం లెక్కేస్తే పది ముఖాలకి 95, పదహారుకి 92 మిగులుతుంది. అంటే ఆ తేడా దాదాపు పోయినట్టే. మారే స్కోప్ చీకటిగా ఉంటుందని ఇప్పటికీ చెప్పేవాళ్లు తాతల కాలం నాటి మాట చెబుతున్నారు. ఖరీదైన గాజు విషయంలో అది నిజం కాదు.

అసలు వెలుతురు కథ వేరేచోట ఉంది. మునిమాపు వేళ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సైనికుడికి తెల్లవారుజాము, మునిమాపు, ఈ రెండు వేళలే ప్రమాదం. వస్తు కటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగించండి. కంటి దగ్గరికి వచ్చే వెలుతురు కట్ట లావు ఎంతో తెలుస్తుంది. 4×24 అని రాసి ఉంటే నాలుగు రెట్లు, 24 మిల్లీమీటర్ల కటకం, అంటే కట్ట లావు 6 మిల్లీమీటర్లు. 10×42 అయితే 4.2. చీకట్లో ఇరవై ఏళ్ల కుర్రాడి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. అతని చేతికి 10×42 ఇస్తే, తెరుచుకున్న కన్నులో 4.2 మేరకే వెలుతురు నిండుతుంది. వైశాల్యాలు లెక్కేస్తే మామూలు కంటికి కనిపించే వెలుగులో 36 శాతం. నాలుగు రెట్ల స్కోప్ అయితే 73 శాతం.

మన వయసువాళ్లకి కంటిపాప 5 మిల్లీమీటర్లు తెరుచుకుంటే గొప్ప. అందుకే 10×42లో మనకి పోయేది తక్కువ. స్కోప్ గొప్పదని కాదు, మన కన్నే ముందుగా తగ్గింది. స్కోపుల్ని పరీక్షించి ఆమోదించే పెద్దలంతా యాభై దాటినవాళ్లు, వాడేవాళ్లంతా పాతికలోపువాళ్లు. ఈ ఒక్క తేడా వల్ల ఎన్ని నివేదికలు పక్కదారి పట్టాయో నాకు తెలుసు.

ఇక్కడ మారే స్కోప్‌కి న్యాయంగా ఓ మార్కు ఇవ్వాలి. 3–12×50 స్కోప్‌ని 12 మీద ఉంచితే కట్ట లావు 4.2 మాత్రమే. మునిమాపు అయ్యాక దాన్ని 6కి దించితే 8.3. కంటికి కావలసినదానికంటే ఎక్కువ. స్థిరమైన 10×42 ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. కానీ దించాలని గుర్తుండాలి. దించడానికి ఓ చెయ్యి ఖాళీగా ఉండాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో వెన్నెల్లో మంచె మీద కూర్చుని అడవిపందుల్ని వేటాడేవాళ్లు చాలాకాలం 8×56 స్థిర స్కోపునే ఇష్టపడ్డారు. యాభై ఆరుని ఎనిమిదితో భాగించండి, సరిగ్గా 7. వాళ్ల కష్టమైన క్షణం ఒక్కటే, అది చీకటి. దానికి ఒక్క అంకె చాలింది.

రెండో సంగతి, ఎంత మేర కనిపిస్తుందన్నది. ఆవర్ధనం పెరిగినకొద్దీ చూపు పరిధి తగ్గుతుంది, ఇందులో బేరం లేదు. నాలుగు రెట్ల మంచి స్కోప్‌లో 6 డిగ్రీల మేర కనిపిస్తుంది. 50 మీటర్ల దూరంలో అది ఐదు మీటర్ల వెడల్పు. పన్నెండు రెట్ల దగ్గర సుమారు 2 డిగ్రీలు, అంటే ఒకటిముప్పావు మీటరు. పొదల్లోంచి ఎవరో లేచారు, మీరు రింగుని పొద్దున్నే 12 మీద పెట్టి మరిచిపోయారు. గొట్టంలో మీకు కనిపించేది చొక్కా గుండీయో, చెట్టు బెరడో తెలియదు. కుడివైపు ఎవరున్నారో అసలు తెలియదు. ఆ రెండు మూడు సెకన్లలో ఎక్కువ రెట్లు అనేది శత్రువు పక్షాన పనిచేస్తుంది.

ఇక నేను గుర్తుంచుకోమన్న మాట. రెటికిల్ రెండో చోట, అంటే ఎరెక్టర్ తర్వాత ఉంటే, రింగు తిప్పినప్పుడు బొమ్మ పెరుగుతుంది, గీతలు మాత్రం అంతే ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చాలా మారే స్కోపులు ఇలాంటివే. కానీ ఆ గీతల మధ్య దూరాన్ని కొలబద్దగా వాడతారు సైనికులు. ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. 1.7 మీటర్ల మనిషి ఎన్ని మిల్లుల ఎత్తు కనిపిస్తున్నాడో చూసి, 1,700ని ఆ అంకెతో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 600 మీటర్ల దగ్గర అతను 2.8 మిల్లులు కనిపిస్తాడు. రెండో చోట పెట్టిన రెటికిల్ ఏదో ఒక్క ఆవర్ధనం దగ్గరే నిజం చెబుతుంది, మామూలుగా అన్నిటికంటే పెద్దదాని దగ్గర. 12 దగ్గర నిజం చెప్పే స్కోప్‌ని 6 దగ్గర ఉంచి చూశారనుకోండి. బొమ్మ సగమైంది, గీతలు అలాగే ఉన్నాయి. మనిషి 1.4 మిల్లులే కనిపిస్తాడు. లెక్క చేస్తే దూరం 1,200 మీటర్లు అని వస్తుంది. ఆ లెక్క నమ్మి తుపాకీ ఎత్తి కాలిస్తే గుండు అతని తల మీదుగా కొన్ని మీటర్ల ఎత్తున పోతుంది. చప్పుడుతో మనం ఎక్కడున్నామో అతనికి తెలిసిపోతుంది. వెలుతురు తగ్గిందని రింగు దించడం సరైన పని. ఆ సరైన పనే కొలబద్దని అబద్ధం చేస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం వాదనలో ముఖ్యమైన భాగం ఇది. పెట్టె మీద ఎక్కడా రాయరు.

రెటికిల్‌ని మొదటి చోట పెడితే ఈ ప్రమాదం లేదు. బొమ్మతోపాటు గీతలూ పెరుగుతాయి, తగ్గుతాయి, కొలబద్ద ఎప్పుడూ నిజం చెబుతుంది. పైగా ఎరెక్టర్ లెన్సులు ఊగినా బొమ్మా గీతలూ కలిసే ఊగుతాయి కనుక గురి తప్పదు. మరి అందరూ అలాగే ఎందుకు చేయరంటే, చిన్న ఆవర్ధనం దగ్గర గీతలు సాలెపోగుల్లా సన్నబడి కనిపించకుండా పోతాయి. పెద్దదాని దగ్గర లావెక్కుతాయి. ఆ గీతల్ని గాజు మీద చెక్కడానికి చాలా నేర్పు కావాలి, ఖర్చు కావాలి.

ఇదే పనిని స్థిర స్కోప్ ఎంత సులువుగా చేసిందో చూడండి. సోవియట్ సైన్యం 1963లో తీసుకున్న డ్రాగునోవ్ రైఫిల్, మన సైన్యం కూడా చాలాకాలం వాడిందే, దాని మీద పీఎస్‌ఓ-1 అనే 4×24 స్కోప్ ఉంటుంది. అద్దం మూలన ఓ అడ్డగీత, దాని మీదుగా ఓ వంపుగీత. 1.7 మీటర్ల మనిషి పాదాల్ని అడ్డగీత మీద ఆనించి, తల వంపుగీతని ఎక్కడ తాకుతుందో చూస్తే అక్కడ అంకె ఉంటుంది. ఆ అంకెని వందతో గుణిస్తే దూరం. భాగహారం లేదు. ఇప్పుడు ఏ రెట్ల మీద ఉన్నాను అన్న సందేహం లేదు, ఎందుకంటే ఉన్నది ఒక్కటే. చదువు తక్కువైన కుర్రాడైనా, రెండు రాత్రులు నిద్రలేనివాడైనా చూడగలడు. ఇంజనీరుగా నేను ఆ అద్దానికి దణ్ణం పెడతాను.

చరిత్రలో ఈ ఊగిసలాట చూస్తే సరదాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల నెంబర్ 32 స్కోప్ మూడు రెట్లు, సోవియట్ పీయూ స్కోప్ మూడున్నర. అన్నీ స్థిరమే. వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ మెరీన్ దళం ఎం-40 రైఫిల్ మీద 3–9 రెట్ల మారే స్కోప్ పెట్టుకుంది. అంటే ముందుకు వెళ్లారు. ఆ తర్వాతి ఎం-40ఏ1కి వచ్చేసరికి అదే దళం వెనక్కి తిరిగి, ఉక్కు గొట్టంతో చేసిన స్థిరమైన పది రెట్ల ఉనెర్టెల్ స్కోప్ తీసుకుంది. 1988లో అమెరికన్ సైన్యం ఎం-24 మీద కూడా స్థిరమైన పది రెట్లే. బ్రిటిష్ ఎల్-96 మీద స్థిరమైన 6×42. కదిలే భాగాలంటే ఆ రోజుల్లో అంత అపనమ్మకం. తర్వాత కంప్యూటర్‌తో నడిచే యంత్రాల మీద గాడులు కోయడం వచ్చింది, మొదటి చోట రెటికిల్ చెక్కడం అలవాటైంది. మళ్లీ గాలి మారింది. బ్రిటిష్‌వాళ్ల ఎల్-115ఏ3 మీద 5–25×56, అమెరికన్ల ఎం-2010 మీద 6.5–20 రెట్లు. మామూలు సిపాయి రైఫిల్ మీద కూడా, ఏళ్ల తరబడి నాలుగు రెట్ల స్థిర స్కోప్ వాడిన మెరీన్లు 2020లో 1–8 రెట్ల మారే స్కోప్‌ని ఎంచుకున్నారు. సిద్ధాంతం మారలేదు, మాస్టారు చెప్పిన సూత్రం అదే. మారింది గాడి కోసే యంత్రం.

మన దగ్గర ఇంకో పరీక్ష ఉంది, అది వాతావరణం. థార్ ఎడారిలో మధ్యాహ్నం 50 డిగ్రీలకి దగ్గర, సియాచిన్‌లో మైనస్ 50 దాకా. ఆ వంద డిగ్రీల తేడాకి 100 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం 0.23 మిల్లీమీటరు పొడవు మారుతుంది. గాజు అందులో మూడో వంతే మారుతుంది. ఇంతకుముందు 0.01 గురించి మాట్లాడుకున్నాం, ఇప్పుడు ఇది. మంచులో రింగు కింద గ్రీజు గట్టిపడుతుంది, మందపాటి చేతితొడుగు వేసుకున్న వేళ్లతో తిప్పలేరు. ఎడారిలో బాధ వేరే. ఇసుక మీంచి లేచే వేడిగాలికి బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. పది రెట్లలో ఆ కదలికా పది రెట్లు. అక్కడ మారే స్కోప్ ఉన్నవాడు ఐదుకి దించి లక్ష్యాన్ని చూడగలడు, స్థిరమైన పది ఉన్నవాడు కళ్లు నులుముకుంటాడు. అందుకే ఎడారికి ఒకటి, మంచుకి ఇంకొకటి అని వాదించేవాళ్లలో నేనొకణ్ని. ఒకే నమూనా అయితే విడిభాగాల లెక్కలు సులువు కనుక ఆ వాదన ఎప్పుడూ నెగ్గలేదు.

మన బ్యాచ్‌లోంచి పట్టాళంలో చేరి సుబేదారుగా రిటైరైన మిత్రుడు ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఏళ్ల తరబడి కొండల్లో నాలుగు రెట్ల స్కోప్ మోసినవాడు. తర్వాత అతని దళానికి మారే స్కోపులు ఇచ్చారు. ఎలా ఉన్నాయిరా అని అడిగితే, బాగున్నాయి, అందరం రింగుని ఆరు మీద పెట్టి నల్ల టేపు చుట్టేశాం అన్నాడు. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రెటికిల్ ఎక్కడుందని అడిగితే రెండో చోట. ఆరు దగ్గర తమ గుండు ఏ దూరానికి ఏ గీత మీద పడుతుందో వాళ్లు కాల్చి చూసుకుని, కాగితం మీద రాసుకుని, రింగు కదలకుండా కట్టేశారు. మూడు రెట్లు ధర పెట్టి కొన్న మారే స్కోప్‌ని రూపాయి టేపుతో స్థిర స్కోప్ చేసుకున్నారన్నమాట. అంతకంటే తెలివైన డిజైన్ సవరణ నేను చూడలేదు. ఆ టేపు గురించి ఏ నివేదికలోనూ ఉండదు.

ఇటువైపు కాగితాల లోకం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఓసారి ఓ కార్యాలయం నుంచి, ఏ కార్యాలయమన్నది అనవసరం, కావలసిన లక్షణాల పట్టిక వచ్చింది. 3–12 రెట్లు, వస్తు కటకం 50 మిల్లీమీటర్లకి మించకూడదు, 12 రెట్ల దగ్గర కంటికి వచ్చే కట్ట లావు 7 మిల్లీమీటర్లు ఉండాలి. పన్నెండేళ్లు ఎనభై నాలుగు. యాభై మిల్లీమీటర్ల కటకంలోంచి ఎనభై నాలుగు మిల్లీమీటర్ల వెలుతురు ఎలా తేవాలి? అదే విషయం మర్యాదగా రాశాం. జవాబు రాలేదు. మళ్లీ రాశాం. ఎనిమిది నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి 7 మిల్లీమీటర్ల షరతు తీసేశారు, పన్నెండు రెట్ల అంకె మాత్రం అలాగే ఉంచారు. చీకట్లో చూడటం కోసం ఎవరో సరిగ్గా ఆలోచించి రాసిన షరతు అది. పోవలసింది అది కాదు. ఆ ఎనిమిది నెలలూ కొండ మీదివాళ్లు పాత స్కోపులతోనే ఉన్నారు.

మరి నన్ను ఎంచుకోమంటే? వెయ్యి మీటర్ల దాకా గురి చూడాల్సిన స్నైపర్‌కి, పక్కన దూరం చెప్పే తోడు ఉన్నవాడికి, మారే స్కోపే, మొదటి చోట రెటికిల్‌తో, మంచి ధర పెట్టి. అందులో నాకు ఇప్పుడు సందేహం లేదు. మూడు నాలుగు వందల మీటర్లలో పని, ఒంటరిగా, మునిమాపు వేళ, శిక్షణకి సమయం తక్కువ అంటే స్థిరమైన నాలుగు. డబ్బు తక్కువగా ఉంటే మాత్రం చర్చే లేదు. ఒకే ధరకి వచ్చే రెండింటిలో స్థిర స్కోప్‌లో గాజు మెరుగ్గా ఉంటుంది. మారే స్కోప్‌లో ఆ డబ్బు గాడులకీ పిన్నులకీ పోతుంది. 1–8 రకం గురించి అడుగుతారు. ఒకటి దగ్గర రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు, ఎనిమిది దగ్గర దూరం చూడొచ్చు, నిజంగా గొప్ప పనితనం. కానీ ఎనిమిది దగ్గర 28 మిల్లీమీటర్ల కటకం ఇచ్చే కట్ట 3.5 మాత్రమే. మునిమాపు గురించి ఇందాక చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

నిన్న రాత్రి మా బ్యాచ్ మిత్రుడొకడు వాళ్లబ్బాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడని, 3–9×40 స్కోప్ కొనిద్దామనుకుంటున్నానని అన్నాడు. ఇది చాలామంది తల్లిదండ్రులకి పనికొస్తుంది కనుక చెబుతున్నాను. వద్దు. మామూలు రైఫిల్ స్కోపుల్ని సుమారు 100 మీటర్ల దూరానికి సరిచేసి పంపుతారు. ఆ దూరంలో కన్ను అటూ ఇటూ జరిగినా గురి జరగదు. వేరే దూరంలో జరుగుతుంది, దాన్ని పారలాక్స్ అంటారు. 40 మిల్లీమీటర్ల కటకంతో 10 మీటర్ల లక్ష్యాన్ని చూస్తే, కన్ను పూర్తిగా అంచుకి పోయినప్పుడు గురి 18 మిల్లీమీటర్ల దాకా తప్పవచ్చు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పిల్లవాడు తన చేతిని తప్పుపట్టుకుంటాడు, తప్పు గొట్టంలో ఉంటుంది. పైగా ఆ పోటీలో స్కోప్ పెట్టుకుని వస్తే లోపలికే రానివ్వరు. ఆ డబ్బుతో మంచి రంధ్రపు సైట్ కొనండి, మిగిలితే మంచి కోచ్ ఫీజు కట్టండి.

ఇంకో మాట, బడి ప్రకృతి క్లబ్బువాళ్ల కోసం. పిల్లలు నేలపట్టు పక్షుల్ని చూడటానికి వెళ్తారని, దుర్భిణులు కావాలని హెడ్మిస్ట్రెస్‌గారు అన్నారు. అంగడిలో 10 నుంచి 30 రెట్లు మారే బైనాక్యులర్లు చూపిస్తారు, పిల్లలు వాటి మీదే పడతారు. అందులో రెండు గొట్టాలు, రెండు జతల కదిలే లెన్సులు, రెండూ అన్ని రెట్ల దగ్గరా ఒకేలా నడవాలి. ఒక్క గొట్టానికే మేం పడే పాట్లు విన్నారు కదా. మా బ్యాచ్ తరఫున ఆరు 8×42 బైనాక్యులర్లు తెచ్చాం, స్థిరమైనవే. సాయంత్రం చెరువు మీద వెలుతురు తగ్గాక కూడా కొంగ కాళ్ల రంగు కనిపిస్తుంది. భోజనాల తర్వాత ల్యాబులో అందజేస్తాం. సగానికి కోసిన స్కోపు కూడా ల్యాబుకే వదిలేస్తున్నాను. రింగుని పన్నెండు దాటి తిప్పాలని చూడకండి, అక్కడ ఆపే పిన్ను చిన్నది, ఇప్పటికే ఇద్దరు సీనియర్లు ప్రయత్నించారు.